చేప తాకిడి చేతికి తెలియాలంటే ఎంత ఖర్చు పెట్టాలి?

ఉత్తరం సారాంశం

మిన్నియాపొలిస్ శివారులో భార్యతో, పదేళ్ల కూతురితో అపార్ట్‌మెంటులో ఉంటున్న ఒక పాఠకుడు రాసిన పొడవైన ఉత్తరమిది. ఆయన చిన్నతనం తూర్పు గోదావరి జిల్లాలో ఒక పంట కాలువ పక్కన గడిచింది. తండ్రి వెదురు కర్రకు గాలం కట్టి, నెమలి ఈక కాడను బెండుగా వేసి, వానపామును ఎరగా గుచ్చి చేపలు పడుతుంటే పక్కన కూర్చుని చూస్తూ పెరిగారు. అమెరికా వచ్చిన నాలుగేళ్లకు ఆ సరదాను మళ్లీ కదిలించినవారు, ఆఫీసులో ఆయనతో కలిసి పనిచేసే ఒక పెద్దాయన. గత వేసవిలో మూడుసార్లు తన పడవలో మిల్ లాక్స్ సరస్సుకు తీసుకువెళ్లి, వాలై చేపను జిగ్‌తో, అంటే తల దగ్గర సీసపు బరువున్న గాలంతో, ఎలా పడతారో చూపించారు. మూడుసార్లూ పెద్దాయనకు చేపలు పడ్డాయి; మన పాఠకుడికి మాత్రం గాలం మీది ఎర పోవడం తప్ప ఏమీ తెలియలేదు. చివరిసారి పెద్దాయన తన రాడ్డు ఆయన చేతికిచ్చారు. గంటలో రెండు చేపలు పడ్డాయి.

అప్పటినుంచి ఆయనకు ఒకటే ధ్యాస. అలాంటి రాడ్డు వెల 280 డాలర్లు. రెండు వారాలుగా దానిని ఆన్‌లైన్ కార్టులో ఉంచి రోజూ చూసుకుంటున్నారు కానీ భార్యకు చెప్పలేదు. తండ్రికి నిరుడు జరిగిన మోకాలి ఆపరేషన్ అప్పు తీరడానికి నెలనెలా ఇంటికి డబ్బు పంపుతున్నందువల్ల, లెక్కలు వేసుకుంటే నిజంగా పక్కన పెట్టగలిగింది 120 డాలర్లే. ఇప్పుడు ఆయన దగ్గర ఉన్నది రీలుతో కలిపి 50 డాలర్లకు కొన్న ఏడడుగుల, రెండు ముక్కల 'మీడియం హెవీ' రాడ్డు. దాని మీద 12 పౌండ్ల లాగుడుకు ఆగే నైలాన్ దారం. పెద్దాయన తన రాడ్డును వేసవంతా వాడుకోమంటున్నారు, కానీ అది విరిగితే ఏం చేయాలన్న భయం ఈయనను ఆపుతోంది. మే నెలలో తండ్రి వస్తున్నారు. “నాకు గాలం పట్టడం నేర్పినాయన ముందు ఉత్త చేతులతో నిలబడాలని లేదు” అని రాశారు. 280 డాలర్లు పెట్టడం తప్పా, 120 లోపు దొరికే రాడ్డు పనికొస్తుందా, పాత రాడ్డును ఏం చేయాలి అన్నవి ఆయన ప్రశ్నలు.

సమాధానం

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఉపయోగపడిన మాట మీరు దాదాపు యథాలాపంగా రాసినది: మీ రాడ్డు 'మీడియం హెవీ' అనీ, దాని మీద 12 పౌండ్ల నైలాన్ దారం ఉందనీ. పెద్దాయన రాడ్డు చేతికి వచ్చిన ఆ గంటలో మీ విషయంలో మారినది రాడ్డు వెల ఒక్కటే కాదు. రాడ్డు బిగువు మారింది, దారం మారింది, బహుశా దాని చివర కట్టిన జిగ్ బరువు కూడా మారింది. ఇన్ని ఒకేసారి మారినప్పుడు ఆ రెండు చేపలను తెచ్చినది ఏదో తెలియదు. అందువల్ల మొత్తం ఘనతను 280 డాలర్లకు కట్టబెట్టే ముందు, మీ చేతికి ఏ కబురు రావాలో, అది ఎక్కడ ఆగిపోతోందో చూద్దాం.

వాలై గాలాన్ని మన కాలువల్లో కొర్రమీను పట్టినట్టు విరుచుకుపడి పట్టదు. నోరు, మొప్పలు ఒక్కసారిగా తెరిచి నీటితోపాటు ఎరను లోపలికి పీల్చుకుంటుంది, నచ్చకపోతే అంతే వేగంగా ఊసేస్తుంది. చాలాసార్లు ఇది జిగ్ పైకి లేచేటప్పుడు కాక, లేచి తిరిగి అడుగుకు దిగుతున్నప్పుడు జరుగుతుంది. ఆ క్షణంలో మీ చేతికి అందేది 'టక్'మన్న చిన్న తాకిడి మాత్రమే. కొన్నిసార్లు అదీ ఉండదు. అడుగు తగలవలసిన చోట తగలకపోవడమో, జిగ్ ఉన్నట్టుండి కాస్త బరువెక్కడమో ఉంటుంది. మీ ఎర పోతూ ఉందంటే చేపలు మీ దగ్గరకు వస్తూనే ఉన్నాయి. ఇది నిజంగా మంచి వార్త. మీరు చోటు తప్పలేదు, ఎర తప్పలేదు. కబురు మాత్రం దారిలో తప్పిపోతోంది.

ఆ దారిలో మొదటి మెట్టు దారమే. నైలాన్ దారానికి సాగే గుణం ఉంది. ఇరవై అడుగుల లోతున 'టక్'మన్నది ఆ సాగుడులోనే చాలావరకు అణిగిపోతుంది. పైగా రీలు మీద చాలా కాలం చుట్టి ఉంచిన 12 పౌండ్ల దారం నీటిలోకి వెళ్లినా చుట్టలుగానే ఉంటుంది. చుట్టలు విడిచి తిన్నగా నిలబడనంతసేపూ ఆ దారం మీకు ఏ సంగతీ చెప్పదు. సన్నని పోగులను అల్లి చేసిన బ్రెయిడ్ లైను దాదాపు సాగదు. 10 పౌండ్ల బ్రెయిడ్ మందం నైలాన్‌లో 2 నుంచి 4 పౌండ్ల దారమంత మాత్రమే ఉంటుంది కాబట్టి గాలికీ, ప్రవాహానికీ తక్కువ వంగుతుంది, చిన్న జిగ్‌ను కూడా నిటారుగా దింపుతుంది. దాని చివర ఐదారు అడుగుల ఫ్లోరోకార్బన్ దారాన్ని 8 పౌండ్లది ముడివేస్తే, నీటిలో అంత తేలికగా కంటపడదు, రాళ్ల మీద ఒరిపిడికీ ఆగుతుంది. బ్రెయిడ్‌ను నేరుగా ఖాళీ స్పూలు (రీలులో దారం చుట్టే ఉండ) మీద చుడితే జారుతుంది కనుక ముందు కొంచెం పాత నైలాన్ చుట్టి, దాని మీద చుట్టండి. ఈ మార్పు అంతటికీ అయ్యేది ఇరవై, ముప్పై డాలర్లు. నా అభిప్రాయంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా తెచ్చే మార్పు ఇంకొకటి లేదు.

రెండో మెట్టు రాడ్డు. కొనేవాళ్లను ఎక్కువగా తికమక పెట్టేవి దాని మీద రాసి ఉండే రెండు మాటలు. పవర్ అంటే రాడ్డు వంగడానికి ఎంత బలం కావాలన్నది; యాక్షన్ అంటే అది ఎక్కడ వంగుతుందన్నది. 'ఫాస్ట్' యాక్షన్ రాడ్డు చివరి భాగంలోనే వంగుతుంది, 'మోడరేట్' రాడ్డు నడుము దాకా వంగుతుంది. మీ దగ్గరున్న మీడియం హెవీ రాడ్డును సాధారణంగా బరువైన ఎరలతో బాస్ చేపలు పట్టడానికి వాడతారు. పిడికి కొంచెం పైన సన్నటి అక్షరాలతో ఎంత బరువు ఎరకు, ఎన్ని పౌండ్ల దారానికి అది తగినదో ముద్రించి ఉంటుంది, ఒకసారి చదవండి. ఎర కనీస బరువు 3/8 ఔన్సు దగ్గర మొదలైతే, వాలైకి వాడే 1/8 ఔన్సు జిగ్, అంటే సుమారు మూడున్నర గ్రాములది, ఆ రాడ్డు కొనను కదిలించనైనా కదిలించలేదు. జిగ్ ఎక్కడుందో మీకు తెలియకపోవడానికి అదే కారణం కావచ్చు, అందులో మీ చేతి లోపం ఏమీ లేదు.

వాలై జిగ్గింగ్‌కు మీరు వెతకవలసినది 'మీడియం లైట్' పవర్, 'ఫాస్ట్' లేదా 'ఎక్స్‌ట్రా ఫాస్ట్' యాక్షన్. ఎర బరువు 1/16 లేదా 1/8 ఔన్సు నుంచి 3/8 దాకా, దారం 4 నుంచి 10 పౌండ్ల వరకు అని ఉంటే సరిపోతుంది. పొడవు మీరు ఎక్కడ పడతారన్న దాన్నిబట్టి ఉంటుంది. పడవ పక్కనే నిటారుగా దింపి పట్టేవారికి ఆరడుగుల మూడు అంగుళాలు చేతికి ఇమిడి ఉంటుంది. గట్టు నుంచి విసరవలసినవారికి ఏడడుగులు దూరాన్నిస్తుంది. మీకు సొంత పడవ లేదు, పెద్దాయన పడవ ఎప్పుడో ఒకసారి. కనుక ఆరడుగుల ఆరు అంగుళాలకూ తొమ్మిది అంగుళాలకూ మధ్య ఏదైనా రెంటికీ సర్దుకుంటుంది. ఒకే ముక్క రాడ్డు మేలని చాలామంది పట్టుబడతారు. కానీ మీరు ఉండేది అపార్ట్‌మెంటులో, తిరిగేది మామూలు కారులో. ఈనాటి రెండు ముక్కల రాడ్డులో చేతికి తెలిసే తేడా అతి స్వల్పం; రాడ్డు చేప వల్ల కంటే కారు తలుపులో పడి విరగడమే నేను ఎక్కువగా చూశాను.

ఇప్పుడు డబ్బు సంగతి. మీ ముందు నాలుగు దారులున్నాయి.

మొదటిది, ఆ 280 డాలర్ల రాడ్డు. అది మోసం కాదు. ఎక్కువ బిగువున్న కార్బన్ ఫైబర్‌తో చేయడం వల్ల అదే బలానికి గోడ పలచగా, రాడ్డు తేలికగా ఉంటుంది. తాకిడి స్పష్టంగా తెలుస్తుంది, సాయంత్రానికి మణికట్టు నొప్పి పుట్టదు. రోజంతా పడవలో కూర్చుని వారానికి మూడు రోజులు చేపలు పట్టే మనిషికి ఆ తేడా విలువైనదే. కానీ ఆ పలచదనానికే మరో ముఖం ఉంది. పడవ అంచుకు ఒకసారి గట్టిగా తగిలినా, బరువైన సీసం జిగ్ ఎగిరివచ్చి కొట్టుకున్నా కంటికి కనిపించని గాయమవుతుంది. తరువాత ఎప్పుడో మామూలు చేప మీద అక్కడే పుటుక్కుమంటుంది. ఇంటిలో చెప్పకుండా కొన్నది అలా విరిగితే మీకు కలిగే బాధ 280 డాలర్లతో ఆగదు.

రెండోది, 120 డాలర్ల లోపు మీడియం లైట్ గ్రాఫైట్ రాడ్డు. గ్రాఫైట్ అన్నా కార్బన్ ఫైబరే. 1970ల మొదట్లో గ్రాఫైట్ రాడ్డు కొత్తగా వచ్చినప్పుడు అది ఖరీదైన వస్తువు; ఇప్పుడు ఫెన్‌విక్ వారి ఈగిల్ వంటి మధ్యతరగతి రాడ్లలోనూ అదే దొరుకుతుంది. విస్కాన్సిన్‌లోని పార్క్ ఫాల్స్ ఊరికి చెందిన సెయింట్ క్రాయ్ సంస్థ పేరు మీ పెద్దాయన నోట విని ఉంటారు. వారి ఐకాన్ వరుస వాలై కోసమే చేసినది. అది మీ లెక్కకు పైన ఉండవచ్చు కానీ వారి ట్రయంఫ్ వరుస, ముఖ్యంగా నిరుటి మోడల్ తగ్గింపు ధరలో దొరికితే, చూడదగినది. ఈ దారిలో మీరు వదులుకునేది కొంత తేలికదనం, కొంత పదును. మీ మొదటి రెండు మూడేళ్ల అనుభవంలో ఆ లోటు మీకు తెలుస్తుందని నేను అనుకోను. ఒక్క షరతు: 120 మొత్తం రాడ్డుకే పెట్టేసి, పాత నైలాన్ దారాన్నే దాని మీద వాడితే మీరు కొన్నది సగం వృథా. రాడ్డుకు 80, 90, దారానికి మిగిలినది. రీలు మీ దగ్గరున్నది 2000 లేదా 2500 సైజుదైతే, చేప లాగినప్పుడు దారాన్ని వదిలే బ్రేకు మెత్తగా, ఆగి ఆగి కాకుండా జారుతుంటే, దానిని మార్చవలసిన పని లేదు.

మూడోది, 50 డాలర్ల లోపు రాడ్డు. అగ్లీ స్టిక్ జీఎక్స్2 వంటివి గ్రాఫైట్‌నూ ఫైబర్‌గ్లాస్‌నూ కలిపి చేసినవి. అవి కాస్త బరువు, తాకిడిని కొంత మెత్తబరుస్తాయి. కానీ మొండివి, పిల్లల చేతిలోనూ నిలుస్తాయి. బ్రెయిడ్ చుట్టిన మీడియం లైట్ మొండి రాడ్డు, నైలాన్ చుట్టిన ఖరీదైన మీడియం హెవీ కంటే మీకు ఎక్కువ చేపలు తెస్తుందని నా గట్టి నమ్మకం. నా మొదటి వాలై అటువంటి రాడ్డు మీదే పడింది, అది ఇప్పటికీ నా కారులో ఉంది.

నాలుగోది, వాడిన రాడ్డు. వసంతంలో గరాజ్ సేళ్లలో మంచివి సగం ధరకు దొరుకుతాయి, కానీ కంపెనీ గ్యారంటీ సాధారణంగా మొదట కొన్నవారికే వర్తిస్తుంది. కొనేముందు చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లను, రాడ్డు మీద దారం దూరి వెళ్లే ప్రతి గైడు వలయంలోనూ తిప్పి చూడండి. దూది పోగులు ఎక్కడైనా చిక్కుకుంటే ఆ వలయంలో పగులుందన్నమాట. అది బ్రెయిడ్‌ను కోసేస్తుంది. రాడ్డు పొడవునా వేలిగోరుతో రాస్తూ గాట్లు ఏమైనా తగులుతున్నాయా చూడండి.

కొత్తదైనా వాడినదైనా దుకాణానికి మీ రీలు వెంట తీసుకువెళ్లండి. రాడ్డుకు బిగించి, రీలు కాడ వేళ్ల మధ్యకు వచ్చేలా పట్టుకుని, చూపుడు వేలు రాడ్డు మీద ఆనించండి. కొన కిందికి వాలిపోతుంటే నాలుగు గంటల తరువాత మీ మణికట్టు ఆ సంగతి చెబుతుంది. వెలను చూసే ముందు ఈ పరీక్ష చేయండి. ఖరీదైనవాటిలో కొన్ని ఇందులో తప్పడం, చౌకవాటిలో కొన్ని నెగ్గడం చూస్తారు. గ్రాఫైట్ రకాన్ని చెప్పడానికి రాడ్డు మీద రాసే ఐఎం6, ఐఎం8 వంటి అక్షరాలను చూసి మాత్రం మోసపోకండి. అన్ని కంపెనీలకూ వర్తించే ఒకే కొలమానం వాటికి లేదు.

జిగ్ బరువు గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఎంత మంచి రాడ్డయినా తప్పు బరువును దిద్దలేదు. పదడుగుల లోతుకు 1/8 ఔన్సు, ఇరవై అడుగులకు పావు ఔన్సు అన్న లెక్కతో మొదలుపెట్టి, గాలి ఎక్కువైతే పెంచుకోండి. అడుగు స్పష్టంగా తగులుతున్నంతవరకు తేలికదే మంచిది. రెడ్ వింగ్ దగ్గర మిస్సిసిప్పి నదిలో, ప్రవాహంలో పడితే 3/8 దాకా పోవలసి రావచ్చు. జిగ్‌ను అడుగు నుంచి అరడుగో అడుగో లేపి, దారం పూర్తిగా వదిలేయకుండా, మరీ బిగించకుండా, కొనతో వెంబడిస్తూ దించండి. బ్రెయిడ్ సాగదు కనుక చేప తగిలినప్పుడు గట్టిగా గుంజితే పెదవి చిరిగి పోతుంది. రీలు బ్రేకును ఒక పిసరు వదులుగా ఉంచండి.

మీ శ్రీమతి విషయం. ఆమె కాదన్నారని మీరు రాయలేదు. ఆమెను అడగలేదని రాశారు. అడగకపోవడానికి కారణం ధర ఎక్కువని మీకే అనిపించడం కావచ్చు. రాడ్డు, దారం, లైసెన్సు, ఎర, పెట్రోలు మొత్తం లెక్క ఒక కాగితం మీద వేసి ఆమె ముందుంచితే రెండు విధాల మేలు. 120కి ఆమె సులువుగా ఒప్పుకోవచ్చు. లేదా నాన్నగారు వస్తున్న ఏడాది కాబట్టి కొంచెం ఎక్కువ పెట్టమని ఆమే అనవచ్చు. చెప్పకుండా కొంటే మాత్రం, మీరు సరస్సుకు వెళ్లిన ప్రతి శనివారం ఆ మాట మీ మనసులో ఉంటుంది. పెద్దాయన రాడ్డును అరువు తీసుకోవాలనుకుంటే అదీ ఆమెకు తెలిసే జరగాలి, విరిగితే కొత్తది కొనివ్వగలమని మీరిద్దరూ అనుకున్న తరువాతే. అలా అనుకోలేకపోతే ఆయన పక్కన ఉన్నప్పుడు మాత్రమే, ఆయన పడవలో మాత్రమే వాడండి.

ఇక మీ నాన్నగారి రాక. ఇక్కడే మీ పాత రాడ్డు పనికొస్తుంది. మిన్నెసోటాలో వాలైని జిగ్‌తోనే పట్టాలని లేదు. దారం మీద పైకీ కిందికీ జారే బెండు వేసి, కావలసిన లోతు దగ్గర చిన్న ముడితో దానిని ఆపి, జలగనో వానపామునో గుచ్చి రాతి దిబ్బల మీద వదలడం మిల్ లాక్స్‌లో ఏళ్ల తరబడి చేస్తున్న పద్ధతి. అందులో చేతికి తాకిడి తెలియనక్కరలేదు, బెండు మునిగిందో లేదో చూసే కన్ను చాలు. ఆ కన్ను నాన్నగారికి మీకంటే బాగా ఉంది! ఏడడుగుల పొడవు అక్కడ లోపం కాదు, నీటి మీద వదులుగా పడివున్న దారాన్ని ఒక్క ఊపున ఎత్తడానికి అది ఉపకరిస్తుంది. బ్రెయిడ్ చుట్టిన రీలు కొత్త రాడ్డుకు పోతే దీనికి మరో మామూలు రీలు కావాలి; దాని మీద 12 పౌండ్లది కాక 8 పౌండ్ల కొత్త నైలాన్ చుట్టండి, దారం వరకు ఐదారు డాలర్ల పని.

ఆపరేషన్ అయిన మోకాలితో పడవ ఎక్కిదిగడం ఆయనకు కష్టం కావచ్చు. చాలా సరస్సుల మీద చేపలు పట్టడానికే కట్టిన చెక్క వంతెనలున్నాయి, వాటి మీదికి మడత కుర్చీ తీసుకువెళ్లవచ్చు. సూర్యుడు వాలే వేళకు వెళ్లండి. వాలై కంటి వెనుక వెలుగును తిప్పికొట్టే పొర ఉంది, పిల్లి కంటిలో ఉన్నట్టే. అందుకే మసక వెలుతురులో అది బాగా చూస్తుంది, చీకటి పడబోయేముందు గట్టు దగ్గరికి మేతకు వస్తుంది. వాలై సీజన్ రాష్ట్రంలోని చాలా సరస్సులలో మే నెల మధ్యలో మొదలవుతుంది. పదహారేళ్లు నిండని మీ పాపకు లైసెన్సు అక్కరలేదు. నాన్నగారికి మాత్రం బయటి రాష్ట్రాలవారికి ఇచ్చే లైసెన్సు కావాలి, అది ఒక రోజుకో మూడు రోజులకో వారానికో దొరుకుతుంది. మిల్ లాక్స్‌లో ఎన్ని చేపలు, ఎంత పొడవువి ఇంటికి తెచ్చుకోవచ్చన్న నియమాలు తరచుగా మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు ఆ ఏటి నిబంధనలు చూసుకోండి. పాపకు వేరే రాడ్డు కొనాలా అన్న ఆలోచన వస్తే, ముందు మీ దగ్గరలోని స్టేట్ పార్కులో అడగండి. కొన్నిచోట్ల గాలపు కర్రలను ఉచితంగా అరువిస్తారు.

ఏ దారి ఎంచుకున్నా, దుకాణానికి వెళ్లే ముందు ఒక పని చేయగలిగితే చేయండి. మీ రీలుకు ముందు బ్రెయిడ్ చుట్టించండి. సీజన్ మొదలయ్యాక పెద్దాయన పడవలో వెళ్లే మొదటి రోజున ఆ రీలును ఒక గంట మీ పాత రాడ్డుకు, ఒక గంట ఆయన రాడ్డుకు బిగించి, ఒకే పావు ఔన్సు జిగ్‌తో, ఒకే చోట దింపి చూడండి. మీ రాడ్డుతో అడుగు తెలిసీ చేప తెలియకపోతే, మీకు కావలసింది మీడియం లైట్ రాడ్డే. 90 డాలర్లది చాలు. రెండింటిలోనూ చేప తెలిస్తే, ఈ ఏడాదికి దారంతోనే సరిపెట్టుకుని ఆ డబ్బు నాన్నగారి లైసెన్సుకూ, జలగలకూ, పెట్రోలుకూ వాడుకోవచ్చు. ఆయన రాడ్డుతో తప్ప అసలేమీ తెలియకపోతే, అప్పుడు 280 సంగతి మీరూ మీ శ్రీమతీ కూర్చుని మాట్లాడుకోండి. ఏం తేలిందో నాకు రాయండి.